మనలి అడిగిన నీళ్లు

వినియోగదారుడు తన అవసరాన్ని మామూలు మాటల్లో చెబుతాడు. మంచి నీళ్లు కావాలంటాడు, సరఫరా ఆగకూడదంటాడు, ధర తట్టుకోగలిగినంతే ఉండాలంటాడు. ఈ మాటలు పట్టుకుని ఇంజనీరు పంపు కొనలేడు, పైపు సైజు తేల్చలేడు, ట్యాంకు కట్టలేడు. లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పు ఉండవచ్చు, గంటకు ఎన్ని ఘనపు మీటర్లు రావాలి, ఏడాదిలో ఎన్ని గంటలు ఆగినా పని నడుస్తుంది అన్న లెక్కలు అతనికి కావాలి. చెప్పిన అవసరాన్ని కొలవగలిగిన నిర్దేశాలుగా మార్చే ఈ పని డ్రాయింగు కన్నా ముందే జరగాలి. ఇక్కడ పడిన తప్పును తర్వాత ఎంత మంచి యంత్రమూ సరిదిద్దలేదు. యంత్రం తనకు అప్పగించిన పనిని సక్రమంగానే చేస్తుంది; అప్పగించిన పనే తప్పయితే దానికేం తెలుస్తుంది?

ఈ పని ఎంత లోతైనదో తెలుసుకోవడానికి ఉత్తర చెన్నైలోని మనలిని మించిన చోటు దొరకడం కష్టం. 1965లో భారత ప్రభుత్వం, అమెరికాకు చెందిన ఆమోకో, ఇరాన్ జాతీయ చమురు కంపెనీ కలిసి మద్రాస్ రిఫైనరీస్ సంస్థను నెలకొల్పాయి. 1969లో ఏడాదికి 25 లక్షల టన్నుల ముడిచమురు శుద్ధి చేసే సామర్థ్యంతో మనలి రిఫైనరీ మొదలైంది. నేడు చెన్నై పెట్రోలియం కార్పొరేషన్ పేరుతో దాని సామర్థ్యం కోటీ 5 లక్షల టన్నులు. 1966లో ఏర్పడిన మద్రాస్ ఫర్టిలైజర్స్ పక్కనే అమ్మోనియా, యూరియా తయారీకి దిగింది. తర్వాత పెట్రోకెమికల్ కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. ముడిచమురు ఓడలో తెచ్చుకోవచ్చు. నీళ్లు మాత్రం దగ్గరలోనే దొరకాలి.

ఆ నీళ్లకు తొలి ఆధారం మింజూరు పరిసరాల బోరుబావులు. ఏళ్ల తరబడి లోతునుంచి తోడేసరికి సముద్రపు ఉప్పునీరు భూగర్భంలో కిలోమీటర్ల దూరం లోపలికి చొచ్చుకొచ్చింది. నగరానికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలను నమ్ముకున్నవి. ఆ మూడు నెలలు ముఖం చాటేస్తే మరుసటి వేసవికి చెరువు అడుగు కనిపిస్తుంది. 1983లో శ్రీకారం చుట్టిన తెలుగుగంగ ద్వారా కృష్ణా నీరు 1996లో తొలిసారి తమిళనాడు సరిహద్దు దాటింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకుని మొత్తం 15 ఇస్తామన్నాయి, దారిలో పోయేది పోగా చెన్నైకి 12 అందాలని ఒప్పందం. అది తాగునీటి కోసం వచ్చిన నీరు. కరవు ఏడాదిలో ఆ నీటికి ఫ్యాక్టరీ కూడా చెయ్యి చాపితే, వీధి కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ల వాటాలోంచి తీసుకున్నట్టే.

అందుకే 1990ల మొదట్లోనే మనలిలోని రిఫైనరీ, ఎరువుల కర్మాగారం రెండూ నగరపు మురుగునీటిని శుద్ధి చేసి వాడుకునే దారి పట్టాయి. దేశంలో అప్పటికి అది కొత్త సంగతి. 2019 వేసవిలో నాలుగు జలాశయాలూ ఎండిపోయాయి. అదే ఏడాది చెన్నై మెట్రోవాటర్ కొడుంగైయూర్‌లో రోజుకు 4 కోట్ల 50 లక్షల లీటర్ల శుద్ధినీరు తయారుచేసి మనలి, ఎన్నూరు వైపు కర్మాగారాలకు పంపే ప్లాంటును ప్రారంభించింది. పూర్తి సామర్థ్యంతో ఏడాదంతా నడిస్తే ఇది 1,642 కోట్ల లీటర్లు, అంటే అర టీఎంసీకి పైమాటే. అంతమేరకు మంచినీరు జనానికి మిగులుతుంది.

మురుగునీటి నుంచి రిఫైనరీ నీటిదాకా సాగే ఈ దారిలో ప్రతి మెట్టునూ నిలబెట్టేది నిర్దేశాల పత్రమే. దాన్ని రాయడంలో తొలి మెట్టు, వినియోగదారుడు చెప్పిన పరిష్కారాన్నీ అతని అసలు అవసరాన్నీ విడదీసి చూడడం. రిజర్వాయరు నీటికి అలవాటుపడిన ఫ్యాక్టరీ అలాంటి నీరే కావాలని అడుగుతుంది. అది పరిష్కారం. ఆ నీరు ఏ పనికి అని అడిగితే అవసరాలు వరుసగా బయటపడతాయి: వేడెక్కిన యంత్రాలను చల్లార్చాలి, బాయిలర్‌లో ఆవిరి పుట్టించాలి, అగ్నిప్రమాదం వస్తే ఆర్పాలి, క్యాంటీనులో తాగాలి. నాలుగింటికీ నాలుగు రకాల నీళ్లు సరిపోతాయి. మంటలు ఆర్పే నీటిలో కాస్త ఉప్పు ఉన్నా నష్టం లేదు. అదే ఉప్పు బాయిలర్‌లోకి వెళితే గొట్టం పగులుతుంది.

అవసరం చాలాసార్లు యంత్రం పేరుతో రాదు, ఒంటి నొప్పిగా బయటికి వస్తుంది. తెలంగాణలో ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తయారుచేసిన ఆసు యంత్రమే ఇందుకు సాక్ష్యం. పోచంపల్లి పద్ధతి చీరకు ఆసు పోయడమంటే అర్ధచంద్రాకారపు చట్రానికి దిగిన మేకుల చుట్టూ నూలును వేల సార్లు తిప్పడం. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి, నాలుగైదు గంటలు పట్టేది. మల్లేశం తల్లి లక్ష్మి చెప్పింది భుజాల నొప్పి గురించే. కొడుకు ఆ నొప్పిని చేతి కదలికల సంఖ్యగా, మేకుల మధ్య దూరంగా, పోగు తెగకుండా ఉండాల్సిన బిగువుగా, చీరకు పట్టే సమయంగా మార్చుకున్నాడు. 1999లో యంత్రం సిద్ధమయ్యాక ఆ పని సుమారు గంటన్నరకు దిగింది. పని చేసేవాళ్ల పక్కన కూర్చుని చూస్తే తప్ప ఇలాంటి కొలతలు చేతికి రావు. ఆఫీసులో పంచిపెట్టిన ప్రశ్నపత్రం ఈ పని చేయలేదు.

మనలిలో పక్కన కూర్చోవలసిన చోటు కూలింగ్ టవర్. వేడి నీరు టవర్ పైనుంచి జల్లుగా దిగుతుంది, కొంత ఆవిరై మిగిలిన నీటిని చల్లబరుస్తుంది. ఆవిరి తనతో ఉప్పును పట్టుకుపోదు. తిరిగే నీటిలో ఉప్పు రోజురోజుకూ చిక్కబడుతుంది. అందుకని కొంత నీటిని బ్లోడౌన్‌గా బయటికి వదిలి, కొత్త నీరు కలుపుతారు. కలిపే ఈ నీటినే మేకప్ వాటర్ అంటారు. కొత్త నీటితో పోలిస్తే తిరిగే నీరు ఎన్ని రెట్లు చిక్కబడితే అన్ని సైకిళ్లు అని లెక్క.

ఈ లెక్కను నిదానంగా వినాలి, ఎందుకంటే నాణ్యత ఎలా పరిమాణంగా మారుతుందో ఇందులోనే తెలుస్తుంది. రోజుకు 100 లీటర్లు ఆవిరయ్యే టవర్ ఉందనుకుందాం. వచ్చే నీరు ఉప్పగా ఉండి రెండు సైకిళ్లకు మించి తిప్పలేకపోతే రోజుకు 200 లీటర్లు పోయాలి, అందులో 100 బ్లోడౌన్‌గా పోతాయి. అయిదు సైకిళ్లు తిప్పగలిగే మంచి నీరైతే 125 చాలు, పోయేది 25 మాత్రమే. పది సైకిళ్లు తిప్పితే 111 చాలు. రెండు నుంచి అయిదుకు వెళితే 75 లీటర్లు మిగిలాయి, అయిదు నుంచి పదికి వెళితే మిగిలింది 14. కాబట్టి నీటిని ఎంత శుద్ధి చేయాలన్న ప్రశ్నకు అంతూ పొంతూ లేని శుద్ధి అన్నది జవాబు కాదు. ఒక హద్దు దాటాక ఖర్చు పెరుగుతుంది, ఫలం పెరగదు. మంచి నీళ్లు కావాలన్న మాట ఇప్పుడు ఒక టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాల) అంకెగా మారింది, ఆ అంకెకు కారణమూ దొరికింది.

టీడీఎస్ ఒక్కటే రాసి ఊరుకుంటే మురుగునీటి విషయంలో దెబ్బ తప్పదు. చెరువు నీటిలో పెద్దగా కనిపించనివి ఇందులో ఉంటాయి. అమ్మోనియా రాగి కలిసిన ఇత్తడి ట్యూబులను పగులగొడుతుంది. పాచి పెరగకుండా వేసే క్లోరిన్‌ను మింగేస్తుంది. ఒక కిలో అమ్మోనియా నైట్రోజన్‌ను తీసేయడానికి సిద్ధాంతరీత్యానే దాదాపు ఏడున్నర కిలోల క్లోరిన్ కావాలి. సబ్బుపొడి నుంచీ మలమూత్రాల నుంచీ వచ్చే ఫాస్ఫేట్ కాల్షియంతో కలిసి ట్యూబు లోపల గట్టి పొరగా పేరుకుంటుంది, పైగా పాచికి ఎరువవుతుంది. పొర పట్టిన ట్యూబులో వేడి సరిగా దిగదు. ఈ సంగతి తెలిసిన ఇంజనీరు అమ్మోనియాకు ఒకటి, ఫాస్ఫేట్‌కు ఒకటి, కాల్షియం కాఠిన్యానికి ఒకటి, సేంద్రియ పదార్థానికి ఒకటి వేర్వేరు హద్దులు రాస్తాడు.

బాయిలర్ దగ్గర కథ ఇంకా కఠినం. ఆవిరి పీడనం పెరిగేకొద్దీ సిలికా ఆవిరితోపాటే ఎగిరి టర్బైన్ రెక్కల మీద గాజుపొరలా కూర్చుంటుంది. అందువల్ల బాయిలర్ పీడనం పెరిగితే సిలికా హద్దు బాగా దిగిపోతుంది. కూలింగ్ టవర్‌కు పనికొచ్చిన నీటిని మళ్లీ అయాన్ మార్పిడి రెజిన్ల గుండా పంపి, లవణాలు తీసేసిన డీఎం వాటర్ చేయాల్సిందే. ఇక్కడ తెలివైన ప్రశ్న ఒకటుంది: నగరమే బాయిలర్ నీటిని తయారుచేసి పంపాలా, లేక అందరికీ పనికొచ్చే మధ్యరకం నీరు పంపి, చివరి శుద్ధిని ఎవరి ఆవరణలో వాళ్లు చేసుకోవాలా? రెండోదే సరైనది. కొద్దిభాగానికి కావలసిన నాణ్యతను మొత్తం నీటికి రుద్దితే కరెంటూ రసాయనాలూ వృథా.

అంకె రాసినంత మాత్రాన నిర్దేశం పూర్తికాదు. ఎక్కడ కొలవాలి, ఎలా కొలవాలి, ఎన్నిసార్లు కొలవాలి అన్నవీ రాయాలి. కొడుంగైయూర్ ప్లాంటు గేటు దగ్గర పాస్ అయిన నీటిలో పైపు దారిలో ఇనుము చేరవచ్చు, క్లోరిన్ తగ్గవచ్చు. వాడేవాడికి ముఖ్యమైనది తన గేటు దగ్గరి నమూనా. శుద్ధి ప్లాంటులో ఉప్పును వేరుచేసే ఆర్వో (రివర్స్ ఆస్మాసిస్) పొరల్లోకి వెళ్లే నీరు స్వచ్ఛంగా ఉండాలని రాస్తే ఎవరి స్వచ్ఛత వారిది. అదే 0.45 మైక్రాన్ల ఫిల్టర్ గుండా నిర్ణీత పీడనంతో 15 నిమిషాలు పంపి, ఎంత త్వరగా పూడిందో చూసి సిల్ట్ డెన్సిటీ ఇండెక్స్ కట్టి, అది 3 దాటకూడదని రాస్తే వాదనకు తావుండదు.

సగటును నమ్మడం ఇంకో ప్రమాదం. ఏడాది సగటు బాగున్న మురుగునీటిలోనే మే నెల చిక్కదనమూ నవంబరు వానల పలుచనా దాగి ఉంటాయి. తీరప్రాంతపు పాత మురుగు గొట్టాల్లోకి ఉప్పునీరు ఊరితే టీడీఎస్ ఒక్కసారిగా లేస్తుంది. రిఫైనరీ ఆ రోజుకు సెలవు తీసుకోలేదు. సరఫరా ఆగకూడదన్న కోరికను ఇన్ని గంటలకు సరిపడా నిల్వ ట్యాంకు, ఒకటి ఆగితే అందుకునే అదనపు పంపు, రెండో విద్యుత్ లైను అన్న మూడు కొలతలుగా విడగొట్టాలి. ఇవన్నీ చెడ్డ రోజును చూసుకుని నిర్ణయించాల్సిన అంకెలు.

అంకెలు పెరిగేకొద్దీ అవి ఒకదానితో ఒకటి తగాదా పడతాయి. ఆర్వోలో వచ్చిన నీటిలో 75 శాతం శుద్ధినీరుగా తీస్తే 60 లీటర్లకు 45 వస్తాయి, మిగిలిన 15 లీటర్లలో ఉప్పు దాదాపు నాలుగింతలు చిక్కబడుతుంది. అత్యాశకు పోయి 85 శాతం తీస్తే 51 లీటర్లు వస్తాయి, మిగిలిన 9 లీటర్లలో చిక్కదనం ఏడింతలకు దగ్గరవుతుంది. అప్పుడు కాల్షియం ఫాస్ఫేట్, సిలికా ఆర్వో పొరమీదే గడ్డకడతాయి. ఎక్కువ నీరు కావాలన్న అవసరానికీ పొరలు ఎక్కువకాలం మన్నాలన్న అవసరానికీ మధ్య ఎవరో ఒకరు తూకం వేయాలి. ఆ తూకం కాగితం మీద కనబడాలి.

అలా కనబడేలా చేసే పట్టికను జపాన్ ఇచ్చింది. 1966లో యోజి అకావో మొదలుపెట్టిన ఆలోచన 1972లో కోబేలోని మిత్సుబిషి నౌకా నిర్మాణ కేంద్రంలో పట్టికల రూపం దాల్చింది. ఎడమవైపు వినియోగదారుడి మాటలు, పైన ఇంజనీరు కొలతలు, గడుల్లో ఏ కొలత ఏ అవసరాన్ని ఎంత గట్టిగా తీరుస్తుందో తెలిపే గుర్తులు. కొలతల మధ్య తగాదాలను పైన త్రికోణంలో రాస్తారు. పెంకుటింటి కప్పులా కనిపించే ఆ బొమ్మకు నాణ్యతా గృహమని పేరు. 1988లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో హౌజర్, క్లాసింగ్ రాసిన వ్యాసంతో అది ప్రపంచమంతా తెలిసింది. దాని అసలు మేలు ఖాళీ గడుల్లో ఉంది. ఒక అవసరం ఎదుట గడులన్నీ ఖాళీగా ఉంటే దాన్ని ఎవరూ పట్టించుకోలేదని అర్థం. ఒక కొలత కింద గడులన్నీ ఖాళీ అయితే ఆ కొలత ఎవరికీ అక్కర్లేదని అర్థం. మార్కులు వేసి కూడికలు చేయడం దగ్గరే ఆగిపోయే ఇంజనీర్లు ఈ మేలును పోగొట్టుకుంటున్నారు.

నోటితో చెప్పని అవసరాలు వేరే ఉంటాయి. 1984లో జపాన్‌కే చెందిన నాణ్యతా నిపుణుడు నొరియాకి కానో వీటిని ప్రత్యేకంగా గుర్తించాడు: ఉంటే ఎవరూ మెచ్చుకోరు, లేకపోతే ఎవరూ క్షమించరు. మనలి రిఫైనరీ తయారుచేసే డీజిల్‌లోనే ఇందుకు చక్కటి ఉదాహరణ ఉంది. పొగ తగ్గాలని సమాజం అడిగింది. పొగను పట్టే ఉత్ప్రేరకాలను గంధకం పాడుచేస్తుంది కనుక 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదన్నారు. అంతకుముందు హద్దు 50. ఒకప్పుడు 10,000 దాకా ఉండేది. రిఫైనరీలు అధిక పీడనంలో హైడ్రోజన్ పంపి గంధకాన్ని లాగేశాయి. ఆ ప్రక్రియలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడుగుణం కూడా పోతుంది. ఇంధన పంపులోని లోహభాగాలకు డీజిలే నూనె. పంపు అరగకూడదని లారీ యజమాని ఎవరినీ అడిగి ఉండడు, ఎందుకంటే అరుగుతుందని అతనికి ఊహ కూడా లేదు. ప్రమాణాలు రాసినవారు ఊహించారు. ఉక్కు గోళీని డీజిల్‌లో రాపిడి చేస్తే పడే అరుగుమచ్చ 460 మైక్రాన్లు మించకూడదన్న నిబంధన అలా వచ్చింది. దాన్ని నెరవేర్చడానికి జారుడుగుణం పెంచే పదార్థాన్ని కొద్దిమోతాదులో కలుపుతారు.

చివరికి రెండు రకాల పరీక్షలు మిగులుతాయి. రాసిన అంకెలను ప్లాంటు అందుకుందా అన్నది మొదటిది. ప్రయోగశాలలో ఒక్క రోజులో తేలుతుంది. ఆ అంకెలు అందుకున్నాక వినియోగదారుడి కష్టం తీరిందా అన్నది రెండోది, నెలలు పడుతుంది. కూలింగ్ వాటర్‌లో కూపన్లనే చిన్న లోహపు రేకులు వేలాడదీసి, కొన్ని వారాల తర్వాత తీసి తూచి, నీరు లోహాన్ని ఎంత తిన్నదో లెక్కకడతారు. మొదటి పరీక్ష నెగ్గి రెండోది ఓడితే తప్పు ప్లాంటుది కాదు, నిర్దేశాలు రాసినవారిది. అప్పుడు పత్రాన్ని తిరిగి తెరవాలి. తెరిచే ఏర్పాటు ఒప్పందంలోనే ఉండాలి.

ఇంతవరకు చెప్పినదంతా కొనేవాడి అవసరం. మనలిలో కొననివాళ్లు కూడా ఉన్నారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదనీటితో కలిసి పారిశ్రామిక ప్రాంతం నుంచి చమురు బకింగ్‌హామ్ కాలువ గుండా ఎన్నూరు క్రీక్‌లోకి చేరింది. జాలర్ల పడవలకూ వలలకూ నల్లగా తారు పట్టింది, బతుకుతెరువు వారాల తరబడి ఆగింది. వరదనీటిలో చమురు కలవకూడదన్నది కూడా ఒక అవసరమే. దానికి గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వానను వాననీటి కాలువలు తట్టుకోవాలి, ఎన్నేళ్లకొకసారి వచ్చే తుపానును లెక్కలోకి తీసుకోవాలి, నూనెను విడదీసే తొట్టికి ఎంత ఘనపరిమాణం ఉండాలి, వరద వచ్చినా అది మునగకుండా ఎంత ఎత్తున కట్టాలి అన్న నాలుగు అంకెలు చాలు. ఈ అంకెలను లెక్కకట్టే శాస్త్రం ఇంజనీరింగు కాలేజీల్లో పాఠమే. మనలిలో ఇకమీదట ఏ ప్లాంటు కట్టినా, పాతదాన్ని విస్తరించినా, దాని నిర్దేశాల పట్టికలో ఎడమవైపు వరుసల్లో ఎన్నూరు జాలర్లకూ మనలి కాలనీలవాళ్లకూ చోటు ఇవ్వాలి. ఆ వరుసలను రాసే ఇంజనీరు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి వినాలి.